మిడతకు ఇంటిపేరు మార్చినావిడ

పోయిన నెల పేపరులో, జిల్లా పేజీ కింద మూలన నాలుగు లైన్లు వేశారు. రాజమండ్రిలో ఒక విశ్రాంత అధ్యాపకురాలు కన్నుమూశారని, ముప్పై ఏళ్ళు జంతుశాస్త్రం చెప్పారని, విద్యార్థులంటే ఆవిడకి ప్రాణమని. అంతే. విద్యార్థులంటే ప్రాణమని ఎవరి గురించి రాయరండీ? కుర్చీలో నిద్రపోయిన మేష్టారు పోయినా అదే రాస్తారు. దాని పక్కనే ఎరువుల కొట్టు ప్రారంభోత్సవానికి పావు పేజీ ఇచ్చారు, రిబ్బను కత్తిరిస్తున్న ఫొటోతో సహా. నాకు ఒళ్ళు మండిపోయింది. మిడత మాటే లేదు ఆ నాలుగు లైన్లలో.

అందుకని నేనే రాస్తున్నాను. ఎనిమిదో తరగతిలో బడి మానేసినవాణ్ణి. తెలుగు పొట్లాల కాగితాల్లోనూ, ఇంగ్లీషు మొక్కల కేటలాగుల్లోనూ నేర్చుకున్నాను. వాక్యాల్లో తప్పులుంటే దిద్దుకోండి. విషయంలో మాత్రం ఉండవు. నా జ్ఞాపకం గట్టిది. దానివల్ల మా ఊళ్ళో చాలామందికి ఇబ్బంది కూడా.

ఆవిడ పేరు రాయను. మా నర్సరీలో ఆవిడని ఎవరూ పేరుపెట్టి పిలవలేదు. ఎదురుగా మేడంగారు, వెనకాల గొడుగు మేడం.

మొదటిసారి చూసినప్పుడు ఆవిడ నా మొక్కల్ని కొడుతున్నారు. తొంభైలు అయిపోవస్తున్న రోజులు. కడియపులంకలో నాకు రెండెకరాల నర్సరీ. మధ్యాహ్నం అన్నం తిని వచ్చేసరికి క్రోటన్ల వరసల మధ్య యాభై దాటినావిడ నిలబడి ఉన్నారు. నేతచీర, కాళ్ళకి కాన్వాసు బూట్లు. ఎడమ చేతిలో నల్ల గొడుగు, తెరిచి తలకిందులుగా కొమ్మల కింద పట్టుకున్నారు. కుడి చేతిలో కర్ర. దాంతో కొమ్మల మీద టపటపా వేస్తున్నారు. నెత్తి మాడిపోయే ఎండ. గొడుగు మాత్రం మొక్క కింద ఉంది.

"ఎవరండీ అది? నా మొక్కలు మిమ్మల్నేం చేశాయండీ?" అని అరిచాను.

తల ఎత్తలేదు. "కొట్టట్లేదండి, దులుపుతున్నాను. కాస్త పక్కకి జరుగుతారా, మీ నీడ గొడుగులో పడుతోంది."

నా నర్సరీలో నన్ను పక్కకి జరగమన్న మొదటి మనిషి ఆవిడే. జరిగాను. గొడుగులోకి తొంగి చూస్తే సాలీళ్ళు, చీమలు, పేరు తెలియని చిన్నాపెద్దా పురుగులు. ఆవిడ అందులోంచి ఒక్క ఆకుపచ్చ పురుగుని మాత్రం వేళ్ళతో సుతారంగా ఎత్తి సీసాలో వేసుకుని, మిగతావాటిని మళ్ళీ అదే మొక్క మీద దులిపేసి, "సారీ అండి" అన్నారు.

"పర్లేదండి" అన్నాను నేను.

"మిమ్మల్ని కాదండి" అన్నారు.

అలా ఉండేది మనిషి. పురుగుల్ని కూడా అండీ అనే మాట్లాడేవారు. "రండి, ఇలా రండి, భయం లేదు" అంటూ సీసా మూత తీసి పట్టుకునేవారు. మా కూలి ఆడవాళ్ళు కొన్నాళ్ళు పమిటచెంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. తర్వాత వాళ్ళూ పురుగుల్ని అండీ అనడం మొదలెట్టారు. మందు కొట్టేటప్పుడు కూడా.

ఆ మొదటిరోజు వెళ్ళిపోతూ, అశోక అని రాయించిన నా బోర్డు దగ్గర ఆగారు. "ఇది అశోక కాదండి, నరమామిడి."

నాకు చర్రున ఎక్కింది. "తెలుసండి! ఆ సంగతి కాలేజీలు పుట్టక ముందే తెలుసు. అసలు అశోక ఎర్రగా గుత్తులు పూస్తుంది. ఇది నరమామిడి. నరమామిడి అని రాస్తే కొనేవాడెవడు? ఊరంతా అశోక అనే అంటుంది."

"తెలిసి కూడా తప్పు పేరు ఉంచేశారా?" అని నా వంక చూశారు. తిట్టినా అంత బాధ ఉండేది కాదు. "ఎలా నిద్రపడుతుందండి మీకు?"

మర్నాడే బోర్డు మీద రెండు పేర్లూ రాయించాను. కొన్నవాళ్ళంతా రెండోది ఏదో తక్కువ రకం అనుకుని బేరం ఆడారు. అది వేరే కథ.

ఆ తర్వాత ఆవిడ వారానికి రెండుసార్లు వచ్చేవారు. మూడింటికి కాలేజీ అయ్యాక రాజమండ్రిలో బస్సెక్కి, కడియపులంకలో దిగి, గొడుగు చంకలో పెట్టుకుని నడుచుకుంటూ. ఎవరు ఏది గట్టిగా చెప్పినా ఆవిడది ఒకటే మాట: "మళ్ళీ ఓసారి చూద్దామండి." ఇవాళ గురువారం అన్నా అదే మాట అనేలా కనిపించేవారు.

ఇంతకీ ఆవిడ వెతుకుతున్నది మిడత. మిడతంటే మీకు వరిచేలో ఎగిరే పొట్టిమీసాల మిడత గుర్తొస్తుంది. ఇది అది కాదు. బొటనవేలంత ఉంటుంది. రెక్కలు ముడిస్తే అచ్చం ఆకే, ఈనెలూ మచ్చలూ అన్నీ ఉంటాయి. మీసాలు ఒంటికి రెండింతల పొడవు, వెంట్రుకంత సన్నం. దాని చెవులు ఎక్కడుంటాయో తెలుసా? ముందుకాళ్ళకి, మోకాలి కింద. ఆవిడ భూతద్దం ఇచ్చి చూపించేదాకా నేను నమ్మలేదు. నా నర్సరీలో ముప్పై ఏళ్ళుగా కాలితో వింటున్న జీవి ఉందని నాకే తెలియదు.

ఒకరోజు టీ తాగుతూ అడిగాను, దీనికోసం ఇంత తపన ఏంటండీ అని.

"దీనికి ప్రజాతి తప్పు రాశారండి," అన్నారు. "ప్రజాతి అంటే ఇంటిపేరు అనుకోండి. జాతి అంటే సొంత పేరు. మనకిలాగే వాటికీ ఇంటిపేరే ముందొస్తుంది. వందేళ్ళ పైమాట, విదేశంలో ఒకాయన మ్యూజియంలో ఒకే ఒక్క ఆడమిడతని చూశాడు. ఎండిపోయి, రంగుపోయి, మీసాలు విరిగిపోయి ఉంది పాపం. రెక్కల తీరు చూసి ఫలానా ఇంటిదని రాసేశాడు. తర్వాత వచ్చినవాళ్ళంతా ఆయన రాసింది చూసి రాశారు. మిడతని మళ్ళీ చూసినవాళ్ళు లేరు. ఆ ఇంట్లో అన్నింటికీ చెవి రెండువైపులా తెరిచి ఉంటుందండి. దీనికి ఒకవైపు మూత ఉంది. ఇది ఆ ఇంటిది కాదు. నాకు తెలిసి ఏ ఇంటిదీ కాదు. పొరపాటున పక్కింటివాళ్ళ రేషన్ కార్డులో ఎక్కేసింది."

"ఎక్కితే ఏంటండి? దానికేమైనా బియ్యం ఆగిపోయాయా?"

ఆవిడ నవ్వలేదు. "మిమ్మల్ని ఇంకోళ్ళ ఇంటిపేరుతో పిలిస్తే పలుకుతారా?"

పలకను. అలా పిలిచిన కరెంటాఫీసు గుమాస్తాతో గంటసేపు దెబ్బలాడినవాణ్ణి. ఆ రోజు నుంచి నేను మిడత పక్షం.

చిక్కల్లా ఏంటంటే, ఆవిడకి ఆడవి ఆరు దొరికాయి గానీ మగది ఒక్కటీ దొరకలేదు. పాడేది మగదే. ఎడమ రెక్క అడుగున రంపంలాంటి గీత ఒకటి, దాన్ని కుడి రెక్క అంచుకేసి రాస్తే పాట. తోక చివర పటకారులాంటి కొక్కేలు రెండు. ఒక్కో ఇంటివాళ్ళకి ఒక్కో ఆకారం. అవి చూపించకుండా కొత్త ఇంటిపేరు పెడతానంటే ఏ పత్రికా ఒప్పుకోదు. ఇటు చూస్తే ఆవిడ రిటైరు కావడానికి ఏడాది చిల్లర ఉంది. రిటైరయితే కాలేజీ మైక్రోస్కోపు ముట్టుకోనివ్వరు. ఇంట్లో కొనుక్కునే వస్తువు కాదది.

కాలేజీలో ఆవిడకి డాక్టరేటు లేదని చిన్నచూపు. ఆ పట్టా ఉన్న ఒకాయన రోజూ స్టాఫ్‌రూములో, "ఏం మేడం, మిడతమ్మాయికి వరుడు కుదిరాడా?" అని అడిగేవాడట. ఆవిడే చెప్పి పడీపడీ నవ్వేవారు. నాకు నవ్వు రాలేదు. ఆ పెద్దమనిషి పేరూ, ఊరూ, ఆయన పట్టా ఏ పురుగు మీద తెచ్చుకున్నాడో కూడా నాకు తెలుసు. ఆ పురుగుని ఆయన జన్మలో ముట్టుకోలేదు.

మగది ఉందని మాత్రం ఇద్దరికీ తెలుసు. పొద్దు వాలాక, మోటారు ఆపేశాక, ఆవిడ ఒక ఖాళీ కుండీని బోర్లించి దాని మీద కూర్చునేవారు. క్రోటన్లలోంచి వచ్చేది. టిక్... టిక్... టిక్‌టిక్‌టిక్. కొమ్మలు కత్తిరించే కత్తెరని ఎవరో ఉత్తినే ఆడిస్తున్నట్టు. వేలు నోటి మీద పెట్టి అందరినీ నిలబెట్టేసేవారు. అడుగు ముందుకేస్తే ఆగిపోయేది. వెనక్కి వస్తే మళ్ళీ మొదలు.

"ఆటలాడుతున్నాడండి" అనేవారు మురిసిపోతూ, మేనల్లుడి గురించి చెప్పినట్టు.

ఇలా ఒక వానాకాలం అయిపోయింది. రెండోది సగానికొచ్చింది.

మొక్కలు లారీకెక్కించేముందు మా దగ్గర ఆకు ఏరతారు. ఇదొక పద్ధతి. మచ్చ పడ్డ ఆకు, పండుటాకు, చివర మాడిన ఆకు గిల్లి బుట్టలో వేస్తారు. అక్కడ దించుకునేవాడికి మొక్క కళకళ్ళాడుతూ కనపడాలి. ఈ పనిలో మా కూలి నూకరత్నాన్ని మించినవాళ్ళు లేరు. ఆవిడ చెయ్యి మొక్క మీద పడితే కన్ను చూసేలోపే ఆకు బుట్టలో ఉంటుంది. ఆ రోజు పూణెకి క్రోటన్ల లోడు. నాలుగింటికి లారీ కదిలింది. నాలుగుంపావుకి మేడంగారు వచ్చారు. నూకరత్నం ఎదురెళ్ళింది, పిడికిలి మూసుకుని.

"మేడంగారండీ, నన్ను తిట్టకూడదండి."

"ఏమైందండీ?"

"మచ్చాకనుకుని గిల్లానండి. గిల్లితే తన్నిందండి. ఆకు తన్నడమేంటని నా గుండె జారిపోయిందండి. చూస్తే ఇది చేతిలో ఉండిపోయిందండి." పిడికిలి విప్పింది. అరచేతిలో మిడత వెనక్కాలు.

మేడంగారు భూతద్దం కూడా తియ్యలేదు. "మిగతాది ఏదండి?"

"మొక్కలోకి దూకేసిందండి. ఆ మొక్క..." నూకరత్నం రోడ్డు వంక చూసింది. "పూణె వెళ్ళిపోతోందండి."

"కాలు పట్టుకున్నప్పుడు చప్పుడేమైనా చేసిందా?"

"కత్తెర చప్పుడండి. అందుకే ఆగి చూశాను, లేకపోతే బుట్టలో పడేసేదాన్నే."

మేడంగారి ముఖంలో అప్పుడు చూసింది నేను మళ్ళీ చూడలేదు. ఏడుపు కాదు, భయం. రెండేళ్ళుగా ఆటలాడిన పిల్లవాడు రైలెక్కి వెళ్ళిపోతుంటే చూస్తున్నట్టు. నేను ఇంకేం అడగకుండా మోపెడ్ తీశాను. ఆవిడ వెనక కూర్చున్నారు. గొడుగు ఆవిడ భుజం మీద తుపాకీలా ఉంది. మా వీధి అరుగుల మీద వాళ్ళంతా లేచి నిలబడ్డారు. ఆ దృశ్యాన్ని తల్చుకుని కడియం వారం రోజులు నవ్వింది. నవ్వనివ్వండి.

జొన్నాడ దాటేదాకా లారీ కనపడలేదు. ఆ మోపెడ్ ఇద్దరు మనుషుల్ని మోసి ఎరగదు, వంతెన ఎత్తుకి అది మూలుగుతుంటే ఆవిడ వెనకనించి, "దిగి తొయ్యనా అండి?" అని రెండుసార్లు అడిగారు. రావులపాలెం సెంటరులో టీకొట్టు ముందు ఉంది లారీ. డ్రైవరు గ్లాసు పట్టుకుని మమ్మల్ని చూసి కంగారుపడ్డాడు.

"ఏంటండి బాబూ, బిల్లు కాగితాలు మర్చిపోయానా?"

"కాదండి. లారీ ఎక్కాలి" అన్నారు మేడంగారు.

"ఏం పోయిందండి? గొలుసా?"

"మిడతండి."

డ్రైవరు నా వంక చూశాడు. "గురువుగారూ, ఆవిడకి ఒంట్లో బాగానే ఉందా అండి?"

"నీకన్నా బాగానే ఉంది. డాలా తలుపు తియ్యి" అన్నాను.

అప్పటికే చీరకుచ్చిళ్ళు దోపి చక్రం మీద కాలేసి ఎక్కేశారావిడ. యాభై ఏడేళ్ళ మనిషి. లారీ మీద నిలబడి గొడుగు తలకిందులుగా తెరిచి టపటపా దులపడం మొదలెట్టారు. పావుగంటలో సెంటరు సెంటరంతా పోగైంది. అరటిగెలల మార్కెట్టు నించి కావిళ్ళు దించి మరీ వచ్చారు.

"ఏం వెతుకుతున్నారండి?"

"మిడతంట."

"ఏం చేసుకుంటారంట? ఉబ్బసానికి మందా?"

"తింటారేమో. కొన్ని దేశాల్లో తింటారంట."

"ఆవిడ తినే మనిషిలా ఉందేంట్రా? పంతులమ్మ!"

పైనించి మేడంగారు వాళ్ళకి పాఠం చెప్పేస్తున్నారు, దులుపుతూనే. మగది ఎలా ఉంటుందో, ఏ కాలు లేదో. డ్రైవరుకి ఏమనిపించిందో, గ్లాసు కిందపెట్టి తనూ ఎక్కాడు. రెండో వరసలో వంగి వెతుకుతూ ఉన్నట్టుండి బిగుసుకుపోయాడు.

"అమ్మగారండీ... ఇక్కడో ఆకు మీసాలు ఊపుతోందండి."

"కదలకండి."

"నేను కదలట్లేదండి, అదే నా చెయ్యెక్కుతోందండి!"

"రండి, ఇలా రండి, భయం లేదు" అన్నారావిడ. మిడతనో డ్రైవరునో ఇప్పటికీ తెలియదు. ఒక వెనక్కాలు లేదు దానికి. సీసాలోకి దిగింది. కింద జనం ఈలలు వేశారు. ఆ ఊపులో అందరూ లారీ చుట్టూ చేరి ఆకులు చూడటం మొదలెట్టారు. అరటిగెలలు మోసే ఒకతను ఇంకోదాన్ని పట్టిచ్చాడు. అన్ని కాళ్ళూ ఉన్న మగది.

తిరిగొచ్చేటప్పుడు వంతెన మధ్యలో ఒక్కసారి నా భుజం గుంజారు. "ఆపండాపండి!" ఆపాను. కింద గౌతమి ఎర్రగా నిండుగా పోతోంది. లారీలు హోరుమంటున్నాయి. ఆవిడ సీసాని చెవికి ఆనించుకుని నా వైపు చాపారు. నేనూ చెవి పెట్టాను. టిక్... టిక్... టిక్‌టిక్‌టిక్. లారీల్లోంచీ, గాలిలోంచీ, మొండికేసి పాడుతోంది.

"కాలు పోయినాయనేనండి పాడుతోంది" అన్నారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు, మళ్ళీ పెట్టుకున్నారు, మళ్ళీ తీశారు.

ఆ కాలులేనిదాన్ని నమూనా కోసం చంపక తప్పలేదు. రెండోదాన్ని ఇంట్లో దోమతెర గుడ్డ కట్టిన పెట్టెలో పెట్టి, జామాకు వేసి, అది తనంతట తను పోయేదాకా ఉంచి ఆ తర్వాతే సూదికి గుచ్చారు. "శాస్త్రం తొందరపెట్టలేదు కదండీ" అన్నారు.

మైక్రోస్కోపు చేతిలో ఉన్న చివరి నెలల్లో కొక్కేలూ రెక్కలూ బొమ్మలు గీసి, వ్యాసం రాసి విదేశీ పత్రికకి పంపారు. వాళ్ళు దాన్ని పరీక్షించమని ఎవరికి పంపారనుకున్నారు? ఆ మిడతని ఆ పాత ఇంట్లోనే ఉంచి పెద్ద పుస్తకం రాసిన ముసలాయనకి.

నేను గంతులేశాను. "తప్పు చేసినవాడి దగ్గరికే ఫిర్యాదు పంపుతారా? ఇదెక్కడి న్యాయమండీ!"

"ఆయనకే పంపాలండి. ఈ మిడతల గురించి ఆయనకన్నా తెలిసినవాళ్ళు లేరు" అన్నారు నింపాదిగా.

ఎనిమిది నెలలు జవాబు లేదు. ఈలోగా ఆవిడ రిటైరయ్యారు. పూలదండ వేసి, గోడగడియారం ఇచ్చి పంపించారు. ఆ ఎనిమిది నెలలూ నేను ఆ ముసలాయన్ని తెలుగులో తిట్టని రోజు లేదు. చివరికి ఉత్తరం వచ్చింది. ముసలాయన మ్యూజియం వాళ్ళని అడిగి ఆ వందేళ్ళ ఆడమిడతని పెట్టెలోంచి తీయించి మళ్ళీ చూశాడట. చెవికి మూత ఉందట. ఇన్నేళ్ళు దాన్ని చూడకుండా తన ముందువాళ్ళు రాసింది రాసినందుకు సిగ్గుపడుతున్నానని, వ్యాసం వెంటనే వెయ్యమని పత్రికకి కూడా రాశానని ఉంది. నేను తిట్టిన తిట్లన్నీ ఆ రోజు వెనక్కి తీసుకున్నాను. గట్టిగా, నర్సరీలో, అందరి ముందూ.

కొత్త ప్రజాతికి పేరు దగ్గర నాకు చిన్న ఆశ ఉండేది. "మా కడియం పేరు కలిసేలా పెట్టకూడదా అండి?"

"ఇది కడియంలో దొరికింది గానీ ఇంకెక్కడెక్కడ ఉందో ఎవరికి తెలుసండి. చెవి మూత మాత్రం ఎక్కడికెళ్ళినా దాని వెంటే ఉంటుంది" అని, మూతచెవి అని అర్థమొచ్చే గ్రీకు మాట పెట్టారు.

అచ్చైన వ్యాసం కాపీలు పాతిక వచ్చాయి. సంచీలో వేసుకుని నర్సరీకే తెచ్చారు. నేను కళ్ళజోడు పెట్టుకుని మొదటి పేజీ చదివాను. కొత్త ఇంటిపేరు, దాని పక్కన ఆవిడ పేరు. బాగుంది. కింది లైనుకొచ్చాను. మిడత పూర్తి పేరు. దాని పక్కన బ్రాకెట్లలో, వందేళ్ళ కిందట తప్పు చోట పెట్టిన ఆ విదేశీ ఆయన పేరు.

"ఇక్కడ మీ పేరేదండి?"

"అక్కడ ఉండదండి. మొదట వర్ణించినాయన పేరే ఉంటుంది ఎప్పటికీ. వేరే ప్రజాతికి మారిస్తే ఆ పేరు చుట్టూ బ్రాకెట్లు వేస్తారు. నియమం."

"అంటే, తప్పు రాసినాయన పేరు శాశ్వతం. లారీ ఎక్కి దాన్ని సరిదిద్దినావిడకి రెండు వంకర గీతలా!" లేచి నిలబడ్డాను. "ఎవడండీ ఈ రూలు రాసింది? అడ్రసివ్వండి, ఇవాళే ఉత్తరం పడేస్తాను!"

ఆవిడ కుండీ మీద కూర్చుని కడుపు పట్టుకుని నవ్వారు. "కూర్చోండి. ఆయన తప్పు చోట పెట్టాడు గానీ, అసలంటూ పెట్టాడు కదా. ఆయన రాయకపోతే నేను దేన్ని వెతుక్కునేదాన్ని? ఇదిగో, ఈ బ్రాకెట్లున్నాయి చూశారూ, ఇవి నేనేనండి. ఎవరో వచ్చి దీన్ని సొంతింటికి చేర్చారని తెలిసినవాళ్ళకి తెలుస్తుంది. చాలదా?"

"మీకసలు కోపమే రాదా అండి?"

"ఎందుకు రాదు?" అని గబగబా మూడో పేజీ తిప్పారు. రెక్కల బొమ్మ కింద మిడత పేరూ, విదేశీ ఆయన పేరూ అచ్చులో ఉన్నాయి. బ్రాకెట్లు లేవు. ఆవిడ ముఖం ఎర్రబడిపోయింది. "కళ్ళున్నాయా అండి అసలు వీళ్ళకి! రెండుసార్లు ప్రూఫు దిద్ది పంపాను!"

సంచీలోంచి నల్ల సిరా పెన్నులు రెండు తీసి ఒకటి నాకిచ్చారు. తిరగేసిన కుండీల మీద ఎదురెదురుగా కూర్చుని, పాతిక కాపీల్లోనూ బొమ్మ కింద బ్రాకెట్లు వేశాం. పదమూడు ఆవిడ, పన్నెండు నేను. నా వాటిలో ఒకటి కాస్త పక్కకి పోయింది. ఆవిడ దాన్ని వెలుతురులోకి పట్టి చూసి, ఆ కాపీ నాకిచ్చేశారు.